ఫొటోలో ఉన్నది ఏ ఈగ?

ఈ రోజు మన పాఠం ఒక ఫొటోతో, నేను చేసిన ఒక పొరపాటుతో మొదలవుతుంది.

కొన్నేళ్ళ కిందట నా పాత విద్యార్థిని ఒకామె ఫోనులో ఒక ఫొటో పంపింది. వంటింటి చెత్తను ఎరువుగా మార్చడానికి పెరట్లో పెట్టుకున్న డ్రమ్ము అంచున నల్లటి పురుగు ఒకటి వాలి ఉంది. మామూలు ఈగకు మూడింతల పొడవు. "మాస్టారూ, ఇదేమిటండీ? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కుడుతుందా?" అని అడిగింది. ఫొటో మసకగా ఉంది. పొడవాటి స్పర్శశృంగాలు, సన్నటి నడుము కనిపించాయి. "కందిరీగలా ఉందమ్మా, జాగ్రత్త" అన్నాను. ఆమె ఆ సాయంత్రమే డ్రమ్ములో పురుగుమందు కొట్టింది. మూడు నెలలుగా తయారవుతున్న ఎరువంతా పారబోసుకోవలసి వచ్చింది. తరువాత చచ్చిన పురుగులను దగ్గరగా ఫొటోలు తీసి పంపింది. చూస్తే అవి కందిరీగలు కావు, ఈగలు. కుట్టవు, కరవవు.

నేను ఎక్కడ పొరపడ్డాను? అది తెలియాలంటే ముందుగా ఈగ అంటే ఏమిటో తెలుసుకుందాం. మన భాషలో తూనీగ, తేనెటీగ, కందిరీగ, జోరీగ అనే మాటలున్నాయి. అన్నిటి పేర్లలోనూ ఈగ ఉంది. కాని శాస్త్రం దృష్టిలో వీటిలో నిజమైన ఈగ జోరీగ ఒక్కటే. మిగిలిన మూడింటికీ నాలుగేసి రెక్కలు. ఈగల వర్గాన్ని డిప్టెరా అంటారు, అంటే రెండు రెక్కలవి అని అర్థం. వెనుక జత రెక్కలు ఉండవలసిన చోట వీటికి గుండుసూది తలలాంటి రెండు చిన్న కాడలుంటాయి. వాటిని హాల్టియర్లు అంటారు. ఎగిరేటప్పుడు శరీరం ఏ పక్కకు ఒరుగుతోందో ఇవి పసిగడతాయి. ఈ వర్గంలో ఇంతవరకు లక్షన్నరకు పైగా జాతులకు పేర్లు పెట్టారు.

"అయితే రెక్కలు లెక్కపెడితే సరిపోతుంది కదా!" అని మీరు అనవచ్చు. చేతిలో పురుగు ఉంటే సరిపోతుంది. ఫొటోలో అంత సులభం కాదు. కందిరీగ వెనుక రెక్కలు సన్నని కొక్కేలతో ముందు రెక్కలకు తగులుకుని ఉంటాయి. ఫొటోలో రెండు జతలూ ఒకే జతగా కనిపిస్తాయి. అందుకని ఒక్క గుర్తును నమ్ముకోకుండా, హాల్టియర్లు, కళ్ళు, స్పర్శశృంగాలు, నడుము, కాళ్ళు, ఇలా వరుసగా చూసుకుంటూ పోవాలి.

ఇప్పుడు మన డ్రమ్ము మీది పురుగును ఈ వరుసలో చూద్దాం. కొత్త ఫొటోల్లో పక్క నుంచి తీసిన దానిలో రెక్క మొదట్లో తెల్లటి హాల్టియరు స్పష్టంగా కనిపించింది. అంటే ఇది ఈగ. ఇళ్ళలో తిరిగే ఈగకు స్పర్శశృంగాలు కురచగా ఉంటాయి. దీనికి తల కంటే పొడవుగా ఉన్నాయి. నన్ను మోసం చేసిన మొదటి గుర్తు ఇదే. ఇక నడుము. నిజానికి దీని నడుము సన్నం కాదు. ఉదరం మొదట్లో అటొకటి ఇటొకటి, కిటికీ అద్దాల్లాంటి రెండు పారదర్శకమైన మచ్చలున్నాయి. వెలుతురు వాటిలోంచి దూసుకుపోవడంతో మధ్యలో మిగిలిన నల్లటి భాగమే నడుములా కనిపిస్తుంది. కందిరీగ అనుకుని పక్షులు జంకడానికి ఈ వేషం పనికొస్తుంది. మసక ఫొటోలో ఆ వేషానికి పక్షి మోసపోయినట్టే నేనూ మోసపోయాను! పాదాలు తెల్లగా ఉన్నాయి. వాలినప్పుడు రెక్కలు ఒకదానిమీద ఒకటి పడి వీపును కప్పుతున్నాయి. పొడవు సుమారు 18 మిల్లీమీటర్లు. ఈ గుర్తులన్నీ కలిసి ఒకే పేరు చెబుతున్నాయి: బ్లాక్ సోల్జర్ ఫ్లై. దీని శాస్త్రీయ నామం హెర్మీషియా ఇల్యూసెన్స్. ఇందులో ఇల్యూసెన్స్ అన్నది 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. ఇప్పుడు వెచ్చని దేశాలన్నిటా, మన దేశంలోనూ కనిపిస్తుంది. దీని డింభకాలు కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నాన్ని ఆబగా తిని చెత్తను తగ్గిస్తాయి. ఈ డింభకాలను పెంచి చేపలకు, కోళ్ళకు మేతగా వాడుతున్నారు కూడా. అంటే పురుగుమందు కొట్టించి నేను చంపించినది ఆ ఇంటి పనివాళ్ళనే!

అయితే ప్రతి ఫొటో ఇలా జాతి పేరు దాకా తీసుకుపోదు. చెత్తకుండీల దగ్గర తిరిగే, వీపుమీద బూడిదరంగు చారలున్న మాంసపు ఈగలను చాలా వరకు మగవాటి జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూస్తేనే వేరు చేయగలం. ఎంత మంచి ఫొటో అయినా కుటుంబం పేరు దగ్గర ఆగిపోవలసిందే. అలా ఆగడం అజ్ఞానం కాదు, అదీ శాస్త్రమే.

ఫొటోను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న మనలాంటి వాళ్ళకే కాదు, నిపుణులకూ వచ్చింది. 2015లో స్టీఫెన్ మార్షల్, నీల్ ఎవెన్‌హ్యూయిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దక్షిణాఫ్రికాలో కనిపించిన ఒక పెద్ద ఈగకు మార్లీమియా జైలోకోపే అని పేరు పెట్టారు. అచ్చం కర్రను తొలిచే తుమ్మెదలా ఉండే ఈగ అది. ఆ తుమ్మెద శాస్త్రీయ నామమైన జైలోకోపా నుంచే దానికి ఆ పేరు వచ్చింది. విశేషమేమిటంటే, వారి దగ్గర ఆ ఈగ నమూనా లేదు, ఫొటోలే ఉన్నాయి. మరుసటి ఏడాది వందలాది మంది వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఇలాంటి పద్ధతి తగదని సంతకాలు చేశారు. నమూనా మ్యూజియంలో ఉంటే రేపు మరొకరు దాన్ని మళ్ళీ పరీక్షించవచ్చు, డి.ఎన్.ఏ. తీయవచ్చు. ఫొటోలో పడని భాగాన్ని ఎవరూ తిరిగి చూడలేరు. ఇది వారి వాదన. అరుదైన ప్రాణిని పట్టి చంపకుండానే నమోదు చేయగలిగితే మంచిదే కదా అన్నది రెండో వైపు వాదన. రెండిటిలోనూ బలముంది. కాని ఫొటోలో ఏది కనిపించిందో, ఏది కనిపించలేదో రాసిపెట్టాలన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదు. నేను ఆ రోజు చేయనిది సరిగ్గా అదే.

కాబట్టి మీ ఇంట్లో వింత ఈగ కనిపిస్తే కంగారుపడకండి. మొదట కొంచెం దూరం నుంచి ఒక ఫొటో తీయండి. తరువాత మెల్లగా దగ్గరకు వెళ్ళి పై నుంచి, పక్క నుంచి, ముఖం ఎదురుగా మూడు ఫొటోలు తీయండి. అది ఎగిరిపోయాక అదే చోట స్కేలు పెట్టి మరొకటి తీయండి. అప్పుడు పొడవు తెలుస్తుంది. తేదీ, ఊరు, అది దేనిమీద వాలిందో పుస్తకంలో రాసుకోండి. తెలిసినవారికి పంపి జవాబు వచ్చినప్పుడు, "ఏ గుర్తును బట్టి చెబుతున్నారు?" అని తప్పక అడగండి.

నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆ డ్రమ్ములోని ఎరువు నిలిచేది. ఆమె మళ్ళీ డ్రమ్ము పెట్టింది. నల్లటి ఈగలు తిరిగి వచ్చాయి. ఈసారి ఆమె నన్ను అడగలేదు. పిల్లలను పిలిచి ఆ కిటికీ మచ్చలు చూపించిందట.