కొండ మ్యాపులో మన వాగు ఉందా?



2024 సెప్టెంబరు వానలకు అల్లూరి జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు ఇళ్ల మీదికొచ్చాయి. మన వేములలో వాన తక్కువే. అయినా 2021 నవంబరులో ఇదే కడప జిల్లాలో చెయ్యేరు అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంపింది. వాన తక్కువని కొండను నమ్మి కూచోలేం.

కొండ ఎక్కడ జారుతుందో ముందే చెప్పడానికి కంప్యూటర్‌లో నేల నమూనా చేస్తారు. వాలు ఎంత, నీళ్లు ఏ పల్లంలోకి చేరతాయి, మట్టి ఎంత మందం అని లెక్క కడతారు. రాతి మీది పలచని మట్టి నీళ్లు తాగితే పట్టు తప్పుతుంది. చెట్ల వేర్లే దాన్ని పట్టి ఉంచేది.

కానీ భువన్‌లో ఉచితంగా దొరికే కార్టోశాట్ నమూనాలో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. దట్టమైన అడవిలో ఉపగ్రహానికి కనబడేది చెట్ల తలలే, నేల కాదు. ఇంటి వెనక సన్న వాగు అందులో మాయం. ఆకుల సందుల్లోంచి నేలను కొలిచే లైడార్ అయితే మేలు.

మ్యాపులో ఎర్ర రంగు పడితే ఊరు ఖాళీ చెయ్యమంటారు. పడాల్సిన చోట పడకపోతే ప్రాణాలు పోతాయి. రెండు దెబ్బలూ మనకే. ఏ ఏడు ఎక్కడ జారిందో, ఎక్కడ కొత్త ఊట పుట్టిందో మన పెద్దలకు తెలుసు. పరివాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి మ్యాపు గ్రామసభ ముందు పెట్టమని అడుగుదాం. మన పెద్దలతో కలిసి వాగు వెంట నడిచి సరిచూద్దాం.

జై ఆదివాసీ!