బయటివాళ్లకు టీకా ఎవరు వేయాలి?



నాది సామాజిక వైద్యం. ఒక్కొక్క రోగికి మందు రాయడం కంటే, ఒక ఊళ్లో జబ్బు ఏ దారిన పాకుతుంది, దాన్ని ఎక్కడ అడ్డుకోవాలి అని చూడడం మా పని. మహమ్మారి వచ్చినప్పుడు వేరే చోటి నుంచి వచ్చి మన మధ్య ఉంటున్నవాళ్ల సంగతేమిటి, వాళ్లకు ఏ నియమాలు, వాళ్ల టీకా బాధ్యత ఎవరిది అన్నది మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. థాయ్‌లాండ్, సింగపూర్, సౌదీ లాంటి దేశాలన్నీ ఈ ప్రశ్నతో తలలు పట్టుకున్నాయి. వాటి గురించీ చెబుతాను. అయితే మనకు ఈ ప్రశ్న ఎదురైంది కోదాడ దాటాక, హైవే మీద.

2020 మార్చి 25 గుర్తుంది కదా. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయిస్తుంటే, ఆంధ్రా పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి పాసులు తీసుకున్నారు. బైకుల మీద, కార్ల మీద సూర్యాపేట దాటి, కోదాడ దాటి, ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి పోయేసరికి అక్కడ ఆపేశారు. పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంటామంటేనే లోపలికి, లేదంటే వెనక్కి. పాసు ఇచ్చింది ఒక రాష్ట్రం, ఆపింది ఇంకొక రాష్ట్రం. మధ్యలో పిల్లలు నడిరోడ్డు మీద.

ఇక్కడ ఆ పద్నాలుగు రోజుల లెక్క చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని అధికారుల మొండితనం అనుకున్నారు. కరోనా వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు కనబడడానికి సగటున అయిదారు రోజులు పట్టేది. కొందరికి పది, పన్నెండు రోజులు. పద్నాలుగు దాటాక బయటపడేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఆ గడువు. కాబట్టి ఆంధ్రా అధికారులు అడిగినదానిలో శాస్త్రం ఉంది. లేనిదల్లా ఏర్పాటు. పద్నాలుగు రోజులు ఉండాలన్న మాట హైదరాబాద్‌లో పాసు ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే సగం మంది బయలుదేరేవాళ్లే కాదు. మంచం, భోజనం, మరుగుదొడ్డి చూపించకుండా క్వారంటైన్ అన్న మాట ఒక్కటే గేటు దగ్గర చెబితే, వందల మందిని ఒకే చోట గుంపుగా నిలబెట్టడమే అవుతుంది. జబ్బుకు అంతకంటే ఏం కావాలి?

ఏడాది తిరిగేసరికి అదే రోడ్డు మీద వంతు మనదైంది. 2021 మేలో, రెండో వేవ్ ముదిరినప్పుడు, ఆంధ్రా నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను మన పోలీసులు సరిహద్దుల్లో ఆపారు. కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డు కూడా అందులో ఒకటి. ఆసుపత్రిలో బెడ్ ఖాయమైనట్టు ముందే అనుమతి చూపించాలన్నారు. గరికపాడు పిల్లల విషయంలో నేను రెండు వైపులా మాట్లాడాను. దీనిలో మాట్లాడలేను. జబ్బు ఉందని తెలిసిన రోగి నేరుగా ఆసుపత్రికి పోతుంటే ఊరికి వచ్చే ముప్పేమీ లేదు. సిలిండర్‌లో ఆక్సిజన్ కొలతగా ఉంటుంది. చెక్‌పోస్టు దగ్గర గడిచే ప్రతి గంటా ఆ సిలిండర్‌లోంచి పోయేదే. హైకోర్టు మండిపడింది, మే 14న ఆ ఉత్తర్వులను నిలిపేసింది. రోగానికి పెట్టిన నియమమా, మనిషి ఊరికి పెట్టిన నియమమా అని అప్పుడు కోర్టు చూసింది. ముందుగా చూడాల్సింది మేము, అంటే ఆరోగ్య శాఖ వాళ్లం.

ఈ రెండు సంఘటనల మధ్య మన సూర్యాపేట కథ ఉంది. 2020 ఏప్రిల్‌లో బజారు చుట్టూ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. ఏప్రిల్ 21 ఒక్కరోజే 26, మొత్తం 80. మర్నాడు ప్రధాన కార్యదర్శి, డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. అప్పటికి సరిహద్దులు మూసేసి నెల అవుతోంది. రైళ్లు లేవు, బస్సులు లేవు. అయినా జబ్బు కూరగాయల దుకాణాల మధ్య, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగింది. గేటు వేసి లోపల నిశ్చింతగా ఉండొచ్చన్నది ఆ ఏప్రిల్‌లోనే అబద్ధమని తేలింది. ఆ అనుభవం వృథా కాలేదు. 2021 మే 28 నుంచి రాష్ట్రంలో టీకాలు వేసేటప్పుడు రేషన్ డీలర్లు, గ్యాస్ సిలిండర్లు మోసేవాళ్లు, పెట్రోల్ బంకుల్లో పనిచేసేవాళ్లు, తర్వాత కూరగాయలు అమ్మేవాళ్లు, ఆటోవాళ్లు అంటూ, రోజుకు ఎక్కువమందిని కలిసేవాళ్లను ముందు పిలిచారు. ఎవరు ఎందరికి అంటించగలరు అన్న లెక్కతో వేసిన వరుస అది. నాకు చాలా నచ్చిన నిర్ణయం.

మరి ఆ వరుసలో మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీ ఎక్కడ నిలబడతాడు?

మన వడ్లు మిల్లుకు చేరాక బస్తా దింపేది, ఎత్తేది ఎక్కువగా బీహారు పిల్లలే. 2020లో వాళ్లు హోలీకి ఇంటికి పోయి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకున్నారు. యాసంగి వడ్లు కల్లాల్లో కుప్పలుగా ఉన్నాయి, దించే చేతులు లేవు. అదే సమయంలో ఇక్కడి వలస కూలీలు సొంతూళ్లకు పోతున్నారు, మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్ హటియాకు బయలుదేరింది. వారం తిరక్కముందే, మే 8న, ఎదురు దారిలో ఒక రైలు వచ్చింది. బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందలకు పైగా హమాలీలతో లింగంపల్లిలో దిగింది. మంత్రులు స్టేషనుకు వెళ్లి స్వాగతం చెప్పారు. అక్కడి నుంచి బస్సుల్లో మిర్యాలగూడ, నల్లగొండ, కరీంనగర్ మిల్లులకు పంపారు. ఆ స్వాగతం నాకు సంతోషమే. అవసరం పడ్డప్పుడు బయటివాడు మనవాడయ్యాడు.

టీకా దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చూడండి. టీకా నమోదుకు పెట్టిన కోవిన్‌లో పేరు రాయించాలంటే ఆధారో, ఓటరు కార్డో, పాన్ కార్డో, ఏదో ఒకటి కావాల్సి వచ్చేది. ఏ రాష్ట్రం ఆధారైనా ఇక్కడ చెల్లేది, అది నిజంగా మేలు. అసలేమీ లేనివాళ్లకు కూడా కేంద్రం 2021 మే 6న ఒక దారి చూపించింది. అలాంటివాళ్ల గుంపును ఎరిగిన ఒక మనిషి బాధ్యత తీసుకుంటే, ఆయన ఫోను మీద వాళ్లందరి పేర్లూ ఎక్కించి సూది వేయవచ్చన్నారు. సంచార జాతులకు, బిచ్చమెత్తుకునేవాళ్లకు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకు ఇది వర్తించింది. మంచి ఉత్తర్వు. చిక్కు ఇంకోచోట వచ్చింది.

కోవిషీల్డ్ రెండు సూదుల మధ్య ఎడం మొదట నాలుగు నుంచి ఆరు వారాలు. 2021 మే 13న దాన్ని పన్నెండు నుంచి పదహారు వారాలు చేశారు. దానికి ఆధారం ఉంది. ఎడం ఆరు వారాల లోపు ఉన్నప్పుడు 55 శాతం రక్షణ, పన్నెండు వారాలు దాటితే 81 శాతం అని పరీక్షల్లో తేలింది. అయితే ఆ 84 రోజులూ ఒకే ఊళ్లో, ఒకే ఫోన్ నంబరుతో ఉండేవాడికి ఆ నియమం బాగుంటుంది. సీజన్ పనికి వచ్చిన హమాలీ మొదటి సూది మిర్యాలగూడలో వేయించుకుంటే, రెండోదాని వేళకు ఖగడియాలోనో, పంజాబులోనో ఉంటాడు. కొత్త సిమ్ కొంటాడు, పాత నంబరుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ అందదు. చట్టం ప్రకారం అతనికి ఏ అడ్డూ లేదు. చేతిలో రెండో సూది మాత్రం పడదు.

అదే ఏడాది జూన్ 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. విదేశాల్లో చదువుకు, ఉద్యోగానికి పోయేవాళ్లు, టోక్యో ఒలింపిక్స్‌కు పోయేవాళ్లు 28 రోజులకే రెండో సూది తీసుకోవచ్చన్నారు. పాస్‌పోర్టు నంబరు సర్టిఫికెట్‌లో ఎక్కించారు. ఆ ఉత్తర్వును నేను తప్పుపట్టను. మన వైపు ఎంతమంది తల్లిదండ్రులు దానివల్ల ఊపిరి పీల్చుకున్నారో నాకు తెలుసు. కానీ అమెరికా పోయే పిల్లాడికి దొరికిన సడలింపు, బీహారు పోయే హమాలీకి దొరకలేదు. ప్రయాణం ఇద్దరిదీ. పాస్‌పోర్టు ఒక్కడికే ఉంది. అడగడానికి మనిషి కూడా ఒక్కడికే ఉన్నాడు. ఇంతకంటే వేరే శాస్త్రీయ కారణం నాకు కనబడలేదు.

మనవాళ్లు పరాయి దేశం గడప ముందు నిలబడ్డప్పుడు వాళ్లకూ ఈ గోస తప్పలేదు. కొవాగ్జిన్ మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి గుర్తింపు ఇచ్చింది 2021 నవంబర్ 3న. అప్పటిదాకా అది వేయించుకున్న పిల్లలను కొన్ని అమెరికా యూనివర్సిటీలు, మళ్లీ మొదటి నుంచి ఇంకో టీకా వేసుకోమన్నాయి. సౌదీ మొదట ఒప్పుకున్న నాలుగింటిలో అది లేదు. గల్ఫ్‌లో ఏళ్లుగా పనిచేసి, సెలవుకు వచ్చి ఇక్కడ ఇరుక్కున్న కరీంనగర్, జగిత్యాల మనుషులు, నేపాలుకో మాల్దీవులకో పోయి పద్నాలుగు రోజులు అప్పు డబ్బుతో ఉండి, అక్కడి నుంచి సౌదీ చేరుకున్నారు. ఒంట్లో రక్షణ ఉంది, చేతిలో కాగితం ఉంది, ఆ కాగితాన్ని చదివేవాడు లేడు. ఇక పేర్ల తిప్పలు వేరే. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరే అని కౌంటర్‌లో కూర్చున్నవాడికి ఎట్ల నమ్మకం కలిగించాలి?

ఇప్పుడు థాయ్‌లాండ్. 2021 జూన్ 7న దేశమంతటా టీకా మొదలుపెట్టినప్పుడు, అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న విదేశీయులకు పేరు ఎక్కడ రాయించుకోవాలో తేలడానికే సమయం పట్టింది. అక్కడి యాప్ పదమూడు అంకెల గుర్తింపు సంఖ్య అడిగేది. మన దేశమూ తక్కువ తినలేదు, ఇక్కడ ఉంటున్న విదేశీయులు పాస్‌పోర్టుతో కోవిన్‌లో నమోదు కావచ్చని చెప్పింది ఆగస్టు 9న. థాయ్‌లాండ్‌లో ఉంటున్న చదువుకున్న విదేశీయులది చిరాకు, కూలివాళ్లది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. బ్యాంకాక్ పక్కన సముత్ సాఖోన్ అనే చోట పెద్ద రొయ్యల మార్కెట్ ఉంది. పనివాళ్లు ఎక్కువగా బర్మా నుంచి వచ్చినవాళ్లు. 2020 డిసెంబర్ 17న అక్కడ రొయ్యలు అమ్మే ఒక పెద్దావిడకు కరోనా తేలింది. రెండు రోజుల్లో కేసులు అయిదు వందలు దాటాయి. మార్కెట్ చుట్టూ, కూలీల గదుల చుట్టూ ముళ్ల కంచె వేశారు. అనుమతి పత్రాలు లేని కూలీ ఏం చేస్తాడు? దొరికితే దేశం దాటిస్తారని దాక్కుంటాడు. దాక్కున్నవాడికి పరీక్ష లేదు, మందు లేదు, జబ్బు మాత్రం ఉంటుంది. ఆ సంగతి అక్కడి సర్కారుకు పది రోజుల్లో అర్థమైంది. డిసెంబర్ 29న వాళ్ల మంత్రివర్గం, పత్రాలు లేని బర్మా, లావోస్, కంబోడియా కూలీలు పేరు రాయించుకుని చట్టబద్ధంగా ఉండవచ్చని తీర్మానించింది. ముళ్ల కంచె కంటే ఆ తీర్మానమే గొప్ప ప్రజారోగ్య చర్య అని నేను మా విద్యార్థులకు చెబుతుంటాను.

సింగపూర్‌లో డబ్బుకు కొదవ లేదు, ఆసుపత్రులకు కొదవ లేదు. అయినా కూలీల డార్మిటరీల్లో ఒకే గదిలో పది, పదిహేను మందిని ఉంచారు. అక్కడ మూడు లక్షలకు పైగా ఉన్న కూలీల్లో, 2020 చివరికి 47 శాతం మందికి వైరస్ సోకిపోయిందని సర్కారే ప్రకటించింది. మన తమిళ, తెలుగు కూలీలు కూడా ఉన్నారు ఆ గదుల్లో.

ఇదంతా విన్నాక, కాగితం లేనివాళ్లకు టీకా వేయడం మనవల్ల అయ్యే పనేనా అని మీరు అడగవచ్చు. అయ్యింది. మన కళ్ల ముందే అయ్యింది. పల్స్ పోలియో ఆదివారాలు గుర్తు చేసుకోండి. బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో, ఇటుక బట్టీ దగ్గర, గుడిసెల దగ్గర ఐస్ డబ్బా భుజాన వేసుకుని ఆశ, అంగన్‌వాడీ అక్క నిలబడేది. చంకలో బిడ్డ కనబడితే చాలు. రెండు చుక్కలు నోట్లో వేసి, ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద సిరా గీత పెట్టేది. ఏ ఊరు, ఏ కార్డు, నాన్న పేరేంటి అని అడిగేది కాదు. వేలు చూస్తే తెలుస్తుంది వేసుకున్నాడా లేదా అని. వలసవాళ్ల గుడిసెలు, ఇటుక బట్టీలు, కట్టడాలు జరిగే చోట్లు అన్నీ వేరే జాబితాగా రాసుకుని ముందు అక్కడికే పోయేవాళ్లు. దేశంలో ఆఖరి సహజ (వైల్డ్) పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో తేలింది. 2014 మార్చి 27న మనకు పోలియో లేని ప్రాంతమని సర్టిఫికెట్ వచ్చింది. ఇంత పెద్ద దేశం దాన్ని గెలిచింది ఆ సిరా గీతతోనే. కరోనా టీకాకు రెండు డోసుల లెక్క, ఏ కంపెనీది అన్న లెక్క కావాలి కాబట్టి కంప్యూటర్ అవసరమే, కాదనను. కానీ ఆ కంప్యూటర్‌ను బట్టీ దగ్గరికి తీసుకుపోవాలి, బట్టీ కూలీని కంప్యూటర్ దగ్గరికి రమ్మనకూడదు.

ఒక సంగతి మీ చేతిలోనే ఉంది కాబట్టి చెబుతున్నాను. దసరా, దీపావళి దాటాక ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఇటుక బట్టీలకు వస్తాయి, ఎండాకాలం చివర్లో పోతాయి. వాళ్లతో చంటిపిల్లలు ఉంటారు. తొమ్మిదో నెలలో తట్టు టీకా పడాల్సిన బిడ్డ, ఆ నెల బట్టీలో ఉంటే, సొంతూళ్లో ఏఎన్ఎమ్ రిజిస్టర్‌లో రాలేదు అని రాస్తుంది, ఇక్కడి రిజిస్టర్‌లో ఆ బిడ్డ పేరే ఉండదు. తట్టు చాలా వేగంగా అంటుకునే జబ్బు, టీకా లేని పది మంది మధ్యకు ఒక్క రోగి వస్తే తొమ్మిది మందికి దాకా వస్తుంది. కార్డు ఇంటి దగ్గర మరిచిపోయినా మన సర్కారు దవాఖానలో ఆ టీకా వేస్తారు, పైసా అక్కర్లేదు. బట్టీ యజమానులు, మిల్లు యజమానులు ఇక్కడ కొందరు కూర్చున్నారు. మీ దగ్గర ఎన్ని కుటుంబాలు దిగాయి, ఏ షెడ్లో పడుకుంటున్నాయి, అయిదేళ్ల లోపు పిల్లలు ఎందరు, గర్భిణులు ఎందరు అన్నది ఒక కాగితం మీద రాసి, దిగిన వారంలోనే మీ సబ్‌సెంటర్ ఏఎన్ఎమ్‌కు ఇవ్వండి. బుధ, శనివారాలు టీకా రోజులు. ఆ రోజు ఒక గంట పని ఆపితే చాలు, అక్క డబ్బా తీసుకుని మీ బట్టీ దగ్గరికే వస్తుంది.

విదేశాలకు పోయే పిల్లలు మీ పేర్లు, పుట్టిన తేదీ ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఒకే తీరుగా ఉన్నాయో లేదో వీసాకు ముందే చూసుకోండి. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాలకు పోయేవాళ్లు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎమ్)లో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. వేసిన పది రోజుల తర్వాతే దానికి ఇచ్చే పసుపు కార్డు చెల్లుతుంది, కాబట్టి విమానం టికెట్‌కు ముందు ఆ సూది సంగతి చూడండి.

ఇక మీరు అడగండి. ముందు వెనక వరుసలో నిలబడ్డ హమాలీ అన్నలు అడగాలి, తర్వాత మిగతావాళ్లు.