తాటిచెట్టుకు తండ్రి ఎవరు?

బెజవాడ నుంచి అవనిగడ్డ వైపు వెళ్తుంటే కాలవగట్ల మీద తాళ్లు కనిపిస్తాయి. వాటిలో ముంజెలు కాసేవి కొన్నే. మిగతావి పోతుతాళ్లు. కాయ కాయదు గదా, కొట్టేద్దాం అనే మాట తరచూ వింటుంటాను. నా అభ్యంతరమంతా ఆ మాట మీదే.

వరి సంగతి మీకు తెలుసు. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి తన పూలలోని పుప్పొడితోనే గింజ కడుతుంది. అందుకే ఇంటి గింజ దాచి చల్లుకున్నా ఇంచుమించు అదే పైరు లేస్తుంది. తాడికి ఆ వీలు లేదు. ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. గాలీ పురుగులూ మోసుకొచ్చిన పుప్పొడితో కాయ కడుతుంది. ఏ చెట్టు పుప్పొడో ఎవరం చెప్పలేం. దీన్నే స్వేచ్ఛా పరాగసంపర్కం అంటాం. ఒక పండులో మూడు టెంకలుంటే ఆ మూడింటికీ ముగ్గురు తండ్రులు ఉండొచ్చు. వాటిలో ఏది పోతు, ఏది పెంటి అన్నది 12 నుంచి 15 ఏళ్లకు పూత వస్తేగాని బయటపడదు!

గంజాయి మొక్కదీ ఇదే తీరు. మన దేశంలో 1985 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని పెంచడం నేరం. నార కోసం ఆ జాతిని పండించే దేశాల్లో మాత్రం విత్తనం తీసేవాళ్లు పుప్పొడి రాలకముందే నాసి మగమొక్కల్ని పీకేసి, మంచివాటిని ఎక్కువగానే నిలిపి, ఆడవాటితో గాలికి వదిలేస్తారు. ఒక్క మగమొక్కనే ఉంచితే పిల్లలందరికీ తండ్రి ఒక్కడే అవుతాడు. తర్వాతి తరాల్లో దగ్గరి చుట్టరికంలోనే సంకరం జరిగి పైరు నీరసిస్తుంది.

ఏ మగమొక్క మంచిదో వాళ్లకు కొన్ని నెలల్లో తేలిపోతుంది, తాడి విషయంలో మనకు అది తేలడానికి ఒక తరం పడుతుంది. అందుకే నరికే ముందు ఆలోచించమంటున్నాను. ముంజె తియ్యగా ఉందని తల్లిచెట్టును ఎంచుకుంటాం, బాగానే ఉంది. ఆ పిల్లలో సగం వంశం పోతుతాడిది. దాన్ని ఎంచడం మాట అటుంచి, బతకనివ్వడమైనా చేస్తున్నామా?

ఈ భాద్రపదంలో గట్టున టెంకలు పాతేవాళ్లు ఒక్క చెట్టు కింద ఏరుకోకండి. నాలుగైదు ఊళ్ల నుంచి, బాగా కాసే చెట్లవి తెచ్చి కలిపి పాతండి. చుట్టుపక్కల నిటారుగా, బలంగా ఉన్న పోతుతాళ్లకు సున్నపు గుర్తు పెట్టి, వాటి జోలికి పోవద్దని పంచాయతీలో చెప్పి ఉంచండి.