ఆలోచన చెప్పేవారు, అప్పు మోసేవారు
(గుమ్మఘట్ట సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



పిల్ల పెండ్లి, కుమారుని చదువు, వేరుశనగ విత్తడము, బోరు వేయడము – వీటిలో ఏ నిర్ణయమూ మనము ఒంటరిగా చేయము. దాని వెనుక ఎవరిదో ఒక మాట ఉంటుంది. ఆలోచన అడగడము మంచిదే. అయితే ఎవరిని, ఏ మనస్సుతో అడుగుతున్నామన్నదే ప్రశ్న.

సొలొమోను మరణించిన పిమ్మట ప్రజలు రెహబాము వద్దకు వచ్చి, తమ బరువు తగ్గించమని వేడుకొన్నారు. అతడు మూడు దినముల గడువు తీసుకొన్నాడు. పెద్దలు మృదువుగా మాట్లాడుమన్నారు. ఆ మాట అతనికి రుచించలేదు. తనతో పెరిగిన యౌవనస్థుల వద్దకు వెళ్ళాడు. హెబ్రీ మూలములో, వారితో మాట్లాడేటప్పుడు ‘మనము’ ఏమి జవాబిద్దామని అడుగుతాడు. అంటే మనస్సులో ముందే వారి పక్షము చేరాడు. అతనికి కావలసినది ఆలోచన కాదు, వంతపాట. ఫలితముగా పది గోత్రములు చేజారినవి.

యిత్రో దీనికి భిన్నమైనవాడు. ఉదయము మొదలు సాయంకాలము వరకు అల్లుడు పడే శ్రమను కన్నులారా చూచి, ఎందుకని ప్రశ్నించి, తరువాతనే సలహా ఇచ్చాడు. అదియు దేవుని చిత్తమైతేనే చేయుమన్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట సంఘములోని ఒక రైతు వచ్చి, “అయ్యగారూ, రెండు బోర్లు ఎండిపోయినవి. ప్రక్క చేనులో నీళ్ళు పడినవి. మూడవది వేయమంటారా?” అని అడిగాడు. నేను ప్రయాణపు తొందరలో ఉన్నాను. “విశ్వాసముతో వేయండి, దేవుడిస్తాడు” అని ప్రార్థించి పంపాను.

రాత్రంతా బోరు బండి మ్రోగింది. తెల్లవారేసరికి రాతి దుమ్ము తప్ప చుక్క నీరు లేదు. ఇంటావిడ మెడలోని గొలుసు కుదువకు పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఆదివారము ఎప్పటివలె వచ్చి కానుక వేశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

అప్పు ఎంత ఉన్నదని నేను అడగలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. వేదవతిపై భైరవానితిప్ప జలాశయము ఉన్నా, మెట్ట చేలకు వానే ఆధారము. ఇక్కడ నేల అడుగున ఉన్నది గట్టి బండ. నీరు ఆ బండ పగుళ్ళలోనే ఉంటుంది. అందుచేత ప్రక్క చేనులో పడినంత మాత్రాన మన చేనులో పడదు. ఆ సంగతి భూగర్భ జలశాఖ వారిని అడగండని చెప్పవలసినవాడను. విశ్వాసమని నేను పలికినది నా తొందరపాటే.

ప్రియులారా, ప్రక్కవాని అనుభవము కూడ ప్రక్క చేని బోరువంటిదే. వినండి, కాని మీ నేలను మీరు చూచుకొనండి. తెలిసినవారిని అడగండి. మీకు నచ్చని మాట చెప్పేవానిని కూడ ఒకనిని అడగండి. ఇంటిలో గొలుసు తీసి ఇచ్చే ఆమెను అందరికంటె ముందు అడగండి. సలహా ఇచ్చే మనము, అది తప్పితే ఆ బరువులో పాలు పంచుకొనగలమా అని ఆలోచించి నోరు విప్పుదము.

వినే చెవిని, నిదానించే నాలుకను ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.