యంత్రమునకు హాస్యము పట్టుబడునా?

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము సీమకు బయలుదేరి, దొరల టోపీ యనుకొని దొరసానుల టోపీ కొనుక్కొనెను. కథ చెప్పువాడు పార్వతీశమే. తన ఘనకార్యమును అతడు గంభీరముగా నివేదించును, మనము నవ్వుదుము. అప్పటికి అతనికి తెలియనిది మనకు తెలియును. మనకు తెలిసినదని రచయితకు తెలియును. అయినను ఆయన పెదవి విప్పడు. హాస్యమున సూక్ష్మత యనునది ఈ పెదవి విప్పకపోవుటలోనే యున్నది. కృత్రిమ మేధ యనబడు యంత్రములకు ఈ విద్య అలవడునా?

ప్రశ్న పాతదే. 1950లో ఆంగ్ల గణితజ్ఞుడు ఆలన్ ట్యూరింగ్ ఒక పరీక్షను ఊహించెను. ఫోర్త్ వంతెన మీద పద్యము చెప్పుమనగా, యంత్రమో మనిషియో తెలియని అవతలివాడు తనకు కవిత్వము రాదని తప్పించుకొనును. ఆ జవాబులో సన్నని హాస్యము కలదు. కాని అది ట్యూరింగుది. 1952లో మాంచెస్టరున క్రిస్టఫర్ స్ట్రేచీ యంత్రముచేత ప్రేమలేఖలే వ్రాయించెను. పట్టికలనుండి మాటలను అడ్డదిడ్డముగా ఏరి కూర్చిన లేఖలవి. చదివినవారికి నవ్వు వచ్చును. వ్రాసినదానికి ఆ సంగతి తెలియదు. యంత్రమే పార్వతీశమైనదన్నమాట!

నేటి యంత్రములు అపారమైన వాఙ్మయమును చదివి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో లెక్కకట్టును. హాస్యమునకు కావలసినది ఎదురుచూడని మాట. వచ్చిన తరువాత మాత్రము ఇదే రావలెననిపించు మాట. 2023లో జర్మనీలోని యెంచ్, కెర్స్టింగ్ అను పరిశోధకులు చాట్‌జీపీటీని పదేపదే ఛలోక్తి అడుగగా, వచ్చిన 1008 ఉక్తులలో నూటికి 90 పాళ్లకు పైగా అవే 25. ప్రతి పెండ్లిలోను అదే ఛలోక్తి విసరు మేనమామ మనకు గుర్తురాక మానడు. అయితే మేనమామ ఎవరు నవ్విరో చూచుకొనును.

తరువాత యంత్రములు మెరుగుపడినవి, ఒప్పుకొనవలసినదే. వ్యంగ్యమును వివరింపుమన్న చక్కగా వివరించును. వివరించుటయే దాని జబ్బు. చమత్కారము పలికి, ప్రక్కనే అర్థము విప్పి పెట్టును. మనుష్యులు మెచ్చిన జవాబులనుబట్టి తీర్చిదిద్దబడినది గదా, చదువరికి కొంత మిగిల్చి యూరకుండుట దానికి లోపముగా తోచును కాబోలు.

ఇంతకన్న కష్టమైనది మరియొకటి యున్నది. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్కమును తిరుగవ్రాసి 1909లో వెలువరించిరి. పసిపిల్లను అమ్ముకొను సంగతి మీద నవ్వించుట ఎంత ప్రమాదము! ఒక్క మాట జారిన నవ్వు పిల్ల మీద పడును. ఆయన నాటకమున అది కొన్నవారి మీదను, అమ్మినవారి మీదను పడును. గిరీశము ధోరణిని యంత్రము అనుకరించగలదు. ఈ తూకమును ఏనాటికిని నేర్వదని శపథము చేయుటకు నాకు ధైర్యము లేదు. ఇంకను నేర్చినట్లు మాత్రము నాకు కనబడలేదు.

తీరికయున్న శ్రోతలు యంత్రమును ఒక హాస్యకథ అడిగి, చివరి వాక్యమును కొట్టివేసి చదివి చూడుడు. చాలమార్లు కథ బాగుపడును.