అంగడికి సరకు చేరు దారి



నేను లారీ నడుపువాడను. విజయవాడ చెంతనున్న గొల్లపూడి టోకు బజారున సరకు నింపుకొని, ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నము వఱకు గల చిల్లర దుకాణములకు చేర్చుట నా వృత్తి. ఆ పనినిగూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

లారీ నింపుటకు ఒక క్రమము కలదు. కడపట దింపవలసిన సరకును మొదట ఎక్కింపవలెను. ఈ వరుస తప్పినచో ప్రతి యంగడి ముందును సగము సరకు దింపి మరల ఎక్కించుకొనవలసి వచ్చును. బియ్యపు బస్తాలు అడుగునను, బిస్కత్తు పెట్టెలు పైనను ఉండవలెను. సబ్బుల వాసన తేయాకునకు పట్టును గనుక ఆ రెంటిని ఎడముగా నుంచుదుము. పైని టార్పాలిను కప్పి, మోకులు బిగించి, చీటీలు సరిచూచుకొని బయలుదేఱుదుము.

2017 జులై 1న వస్తు సేవల పన్ను వచ్చిన పిమ్మట రాష్ట్రముల సరిహద్దులందలి పన్ను తనిఖీ కేంద్రములు తొలగినవి. దూరపు లారీలకు దారిలో నిలుచుట కొంత తగ్గినది. అంగడి ముంగిట నిలుచుట మాత్రము మాకెవ్వరికిని తగ్గలేదు.

నేను తెల్లవాఱుజామున చేరుదును. దుకాణము తెఱచునప్పటికి ఎనిమిది గంటలగును. తెఱచినను ఉదయపు బేరములు ముగియువఱకు గోదాము తాళము తీయరు. హమాలీలు మఱియొక బండి వద్ద నుందురు. సరకు నా బాధ్యత గనుక బండిని విడిచి పోరాదు, కన్ను మూయరాదు. ఒక పెట్టె తగ్గినను ఆ వెల నా జీతమున కోతపడును.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనిని నిర్ణయించినది. కాని గమ్యస్థానమున ఊరక వేచియుండు కాలము 15 నిమిషములకు లోబడినప్పుడే పనిగంటలలో చేరునని అందే వ్రాయబడినది. 2025 నవంబరు 21న దాని స్థానమున కొత్త సంహిత అమలులోనికి వచ్చినది. ఎనిమిది గంటల నియమము అందును కలదు. అయినను చక్రము తిరుగని గంటలను యజమానులలో పలువురు నేటికిని విశ్రాంతి క్రిందనే జమకట్టుదురు.

అట్లు పగలెల్ల మేల్కొనియున్నవాడే రాత్రి మరల చక్రము పట్టును. నిద్ర చాలని కన్నులకు దీపము లేని యెడ్లబండియు, సైకిలుపై పోవు మనుష్యుడును దగ్గఱకు వచ్చువఱకు కనబడరు.

కావున దుకాణదారులకు ఒక మనవి. బండి వచ్చు వేళ మీకు ముందే తెలియును; తాళపుచెవి ఒకరి చేత నుంచుడు. యజమానులకు మఱియొక మనవి. బండి చేరిన వేళయు, సరకు దిగిన వేళయు చీటీపై వ్రాయించి, ఆ నడిమి కాలమును పనిగా నెంచుడు. ఇందులకు ఖర్చు లేదు. దారిన పోవువారందఱికిని దీనివలన మేలు కలుగును.