కామాకు అంత బలం లేదు



ఈ తిరువలం చుట్టుపక్కల, వేలూరు నుంచి గుడియాత్తం దాకా, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఆ ధైర్యంతోనే తెలుగులో మాట్లాడుతున్నాను. చెప్పబోయేది మాత్రం ఇంగ్లీషు కామా గురించి. స్నాతకోత్సవంలో ఇదేం గోల అనుకోకండి. రేపటి నుంచి ఏ ఆఫీసుకైనా మీకంటే ముందు వెళ్ళేది మీ అప్లికేషనే.

అందులో తరచుగా కనిపించే వాక్యం ఇది: 'ఐ కంప్లీటెడ్ బీకామ్, ఐ యామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్.' మన చెవికి ఇందులో తప్పేమీ తోచదు. తెలుగులో 'చదివి, పాసై, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చాను' అంటే చివరనున్న ఆ ఒక్క 'వచ్చాను' మొత్తాన్ని మోస్తుంది. తమిళానిదీ అదే పద్ధతి. ఇంగ్లీషులో మాత్రం ఆ రెండు ముక్కలూ దేనికది పూర్తి వాక్యం. వాటిని కలిపే బలం ఒంటి కామాకు లేదు. ఫుల్‌స్టాప్ పెట్టండి, లేదా కామా తర్వాత 'అండ్' చేర్చండి. రెండూ ఒకే ఆలోచనలో భాగాలైతే సెమికోలన్ పెట్టండి. రెండు పూర్తి వాక్యాల నడుమ 'హౌఎవర్' వచ్చినా ఒంటి కామా చాలదు; దాని ముందు ఫుల్‌స్టాపో సెమికోలనో ఉండాలి.

సెమికోలన్‌కు ఇంకో పని ఉంది. బడి పుస్తకాల మొదట్లో రాజ్యాంగ ప్రవేశిక చూసే ఉంటారు. దాని ఇంగ్లీషు ప్రతి తీయండి. న్యాయం కింద సామాజిక, ఆర్థిక, రాజకీయ అని చెప్పడం ముగిశాక సెమికోలన్. స్వేచ్ఛ కింద అయిదు విషయాలు, మళ్ళీ సెమికోలన్. అన్నిచోట్లా కామాలే ఉంటే ఏది దేని కిందిదో కలగాపులగమయ్యేది. ఆ రాజ్యాంగాన్ని రూపొందించిన సభలో సభ్యుడిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ తెలుగింటి బిడ్డే. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళకముందు ఆయన చదివింది మన వేలూరు వూర్హీస్ కాలేజీలో. ఇంట్లో తెలుగైతే ఇంగ్లీషు రాదనేవాళ్ళకు ఆయన ఇంగ్లీషు పుస్తకాలు చూపించండి.

జాబితాలో ఒక్క కామా లేకపోతే ఏమవుతుందో చూడండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు చట్టం ఒకటి, ఓవర్‌టైమ్ వర్తించని పనుల్ని వరసగా చెబుతూ చివర్లో 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అంది. 'ఆర్' ముందు కామా లేదు. పంపిణీ విడిగా ఒక పనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమా? మేం సరుకు చేరవేస్తాం, ప్యాక్ చేయం, మా ఓవర్‌టైమ్ మాకివ్వండి అంటూ ఒక పాల కంపెనీ డ్రైవర్లు కోర్టుకెక్కారు. చట్టం అస్పష్టంగా ఉందని 2017లో అప్పీలు కోర్టు వాళ్ళకే అనుకూలంగా తీర్పిచ్చింది. మరుసటి ఏడు కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. శాసనసభ ఆ జాబితాలో కామాలు తీసేసి సెమికోలన్లు పెట్టింది.

అలాగని ప్రతి పేరాలోనూ సెమికోలన్ చల్లకండి, చదివేవాళ్ళకు విసుగు. అనుమానమొస్తే ఫుల్‌స్టాప్ పెట్టి ముందుకు సాగండి. ఇంకా పిలవాల్సిన పేర్లు చాలా ఉన్నాయి. సెలవు.